ముషనానా, కిటెంగె, పాత బట్టల మూటలు: రువాండా బట్టల గురించి నారాయణపేట నుంచి ఒక ముచ్చట

రువాండా అంటే మన దిక్కు చానామందికి 1994 ల అక్కడ జరిగిన ఊచకోత ఘోరం తప్ప ఇంకేం యాదికి రాదు, టీవీల చూసింది గదే, పేపర్ల చదివింది గదే. మా ఆయన ఉద్యోగం మీద రువాండా రాజధాని కిగాలిల కొన్నేండ్లు ఉండి వచ్చినం, ఇప్పుడు నారాయణపేటల అమ్మగారింటికి దగ్గర్లనే ఉంటున్నం, చుట్టాలు ఎవరొచ్చినా "అక్కడ భయం కాలేదా" అనే అడుగుతరు. ఒక్క మా వదినె మాత్రం వచ్చిన రోజే "అక్కడి ఆడోళ్ళు ఏం కడతరు పిల్లా, చీరె లాంటిది ఏమన్న ఉంటదా" అని అడిగింది. వదినె మగ్గం మీద కూర్చునే మనిషి, కొత్త మనిషిని చూసినా కొత్త దేశం పేరు విన్నా ఆమె కన్ను ముందు బట్ట మీదనే పడతది. ఆమెకు చెప్పిందే ఇక్కడ జర వివరంగ రాస్తున్న. అక్కడ చూసినకాంచి నా మనసుల ఒక సంగతి గట్టిగ నిలబడ్డది, బట్ట బతకాలంటే దానికి ఒక కార్యం ఉండాలె, అది కట్టకుంటే ఆ కార్యం కార్యమే కాదు అని జనం అనుకోవాలె. రువాండా వాళ్ళకు అది ఉన్నది. మనకు కొన్నిట్ల ఉన్నది, కొన్నిట్ల పోతున్నది.

వాళ్ళ ఆడోళ్ళు శుభకార్యాలకు కట్టేదాన్ని ఉముషనానా అంటరు, బయటోళ్ళు మామూలుగ ముషనానా అనేస్తరు. కింద పొడుగ్గ చుట్టుకునే బట్ట, దాన్ని ఉముకెన్యెరొ అంటరు. పైన భుజాలు కనిపించేటట్టు సాదా జాకెట్. దాని మీదికెళ్ళి ఒక చంక కిందనుంచి తీసుకొచ్చి ఇంకో భుజం మీద ముడేసే పల్చటి బట్ట, అది ఉమ్విటెరొ. దూరంనుంచి చూస్తే మన చీరె కొంగే అనిపిస్తది, దగ్గరికి పోతే పద్ధతే వేరు. మా పక్కింటామె తన అక్క బిడ్డ పెండ్లికి తయారైతుంటే నన్ను లోపలికి పిలిచింది, అప్పుడు సక్కగ చూసిన. కింది బట్టను నడుముకు కాదు, తుంటి మీద కట్టింది, పైన మిగిలిన అంచును బయటికి మడత మీద మడత తెచ్చి చుట్టూ కుప్ప చేసింది, అట్ల నడుము కింద ఒక ఉబ్బు వస్తది, ఆ ఉబ్బు ఎంత నిండుగ ఉంటే అంత అందం అన్నట్టు. మనం కుచ్చిళ్ళన్నీ ముందల ఒక్క దగ్గర దోపుకుంటం, వాళ్ళు ఆ బట్టనంతా నడుము చుట్టూ పంచేస్తరు, నడిస్తే మొత్తం మనిషే మెల్లగ ఊగినట్టు ఉంటది. ఇప్పుడు తొందరగ తొడుక్కునేటట్టు ఎలాస్టిక్ వేసి కుట్టినవి కూడ వచ్చినయి, పక్కింటామెకు అవి నచ్చవు, ముడి తన చేత్తోనే పడాలంటది. భుజం మీది ముడి వేసేటప్పుడు ఆమె పిన్ను కూడ పెట్టలే, రెండు కొసలు తిప్పి ఒక్కసారి గుంజింది, రాత్రి దాంక డాన్సు చేసినా ఊడలే.

కట్టినంక నా దిక్కు తిరిగి "మీ చీరెకు ఎన్ని మీటర్లు పడతది" అని అడిగింది, ఐదున్నర అంటే నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. నేను తర్వాత ఆమెకు నారాయణపేట చీరె కట్టి చూపించిన, మెరూన్ ఒంటికి చిన్న చిన్న చెక్స్, గుడి అంచు. ఆ అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని చానాసేపు రుద్ది చూసింది, మన దిక్కు ముసలవ్వలు బట్ట కొనేటప్పుడు అంచు గట్టిదనం చూసినట్టు. భాష సగం సగం, ఆమెకు ఇంగ్లీష్ కొంచెం, నాకు వాళ్ళ భాష కిన్యార్వాండా కొంచెం, కానీ బట్ట కాడికి వచ్చేసరికి ఇద్దరికీ మాట అక్కర రాలే.

ఆ పెండ్లికి మమ్మల్ని కూడ పిలిచిండ్రు. అక్కడ ఒక పెండ్లి అంటే మూడు పెండ్లిళ్ళ కింద లెక్క. ఒకటి సర్కారు ఆఫీసుల, జాతీయ జెండా పట్టుకొని ప్రమాణం చేస్తరు. ఇంకోటి చర్చిల, తెల్ల గౌను, మొగపిల్లగానికి సూటు. ఈ రెండిటికీ ముందో మధ్యలనో పిల్లను అడిగే కార్యం ఉంటది, దాన్ని గుసాబ అంటరు, కట్నం ఇచ్చేదాన్ని గుక్వ అంటరు. అక్కడ కట్నం పిల్లగాని వైపునుంచి పిల్లవాళ్ళకు పోతది, అది కూడ ఆవు. ఇప్పుడు పట్నంల చానామంది ఆవు బదులు పైసలే ఇస్తరు గానీ మాట మాత్రం ఆవు మీదనే నడుస్తది, ఆవును పొగుడుతూ పాటలెక్క పద్యాలు చదివే మనిషి కూడ ఉంటడు, ఆ పొగడ్తలకు అమజిన యింక అని పేరు.

రెండు టెంట్లు ఎదురెదురుగ వేస్తరు, ఒక దాంట్ల పిల్లవాళ్ళు, ఒక దాంట్ల పిల్లగానోళ్ళు. రెండు దిక్కులా మాట్లాడెతందుకు ఒక్కొక్క పెద్దమనిషి. వీళ్ళు "మా ఇంట్ల పిల్లనే లేదు, మీరు వేరే ఇంటికి వచ్చినట్టున్నరు" అంటే వాళ్ళు "మీ వాకిట్లకు మేం ఊరికే రాలే" అని తిరిగి అంటరు, సామెతలు, పాత ముచ్చట్లు, గంటలకు గంటలు నడుస్తది, జనం కడుపుబ్బ నవ్వుతరు. అంతసేపు పెండ్లిపిల్ల బయటికి రాదు. ఒప్పందం అయినంకనే వస్తది, తోటి ఆడపిల్లలందరూ ఒకే రంగు ముషనానా, పెండ్లిపిల్లది వేరే రంగు, చేతులల్ల మూత కోసుగ ఉండే గంపలు, వాటిని అగసెకె అంటరు, మెల్లగ చేతులు చాపుకుంటు డాన్సు చేసుకుంటు వస్తరు. మొగోళ్ళు కూడ ఆ రోజు ప్యాంటు షర్టు మీదికెళ్ళి భుజానికి బట్ట ముడేసుకుంటరు, చేతిల కర్ర పట్టుకుంటరు. బ్యాంకుల పనిచేసే పిల్లగాడు కావచ్చు, మోటర్ సైకిల్ టాక్సీ నడిపేటోడు కావచ్చు, ఆ కర్ర పట్టుకొని భుజాన బట్ట వేసుకుంటే నడకే మారిపోతది. నేను చూసిన ముషనానాలు ఎక్కువ షిఫాను లాంటి మిషిన్ బట్టలే, బయటిదేశం మాలే, అద్దెకిచ్చే దుకాణాలు కూడ ఉన్నయి, ఒక్కరోజు కోసం పది మంది పిల్లలకు ఒకే రంగుల కొనాలంటే ఎవరికైనా భారమే కదా. అయినా అది వాళ్ళ బట్ట కాదని అక్కడ ఎవరూ అనరు. బట్ట బయటిది, కట్టుడు వాళ్ళది, కార్యం వాళ్ళది. ఈ సంగతి నాకు మస్తు రోజులు మనసుల తిరిగింది.

అసలు పాతకాలంల ఏం కట్టిండ్రో చూద్దామని హుయె పట్నంల ఉన్న మ్యూజియంకు పోయినం, బెల్జియం రాజు కానుకగ ఇచ్చింది, 1989 నుంచి నడుస్తున్నది. అక్కడ నన్ను నిలబెట్టింది చెట్టు బెరడు బట్ట, ఇంపుజు అంటరు. మన మర్రి, జువ్వి జాతి చెట్టే, వాళ్ళు ఉమువుము అంటరు, ఒకప్పుడు ప్రతి ఇంటి వాకిట్ల ఆ చెట్టు ఉండేదంట. దాని బెరడు ఒలిచి, నానబెట్టి, గీతలు చెక్కిన కట్టె సుత్తెతోని గంటల తరబడి కొడితే ఆ నార సాగి సాగి వెడల్పయ్యి ఎర్రమట్టి రంగు బట్ట అయితది. పడుగు లేదు, పేక లేదు, మగ్గమే లేదు, నేతోళ్ళ ఇంట్ల పుట్టిన దానికి అది నమ్మబుద్ధి కాలే. పక్కనే ఉన్న ఉగాండాల ఇప్పటికీ ఈ పని చేసేటోళ్ళు ఉన్నరు, అక్కడి పనితనానికి యునెస్కో 2005 ల గుర్తింపు ఇచ్చింది. రువాండాల మాత్రం ఇప్పుడు అది మ్యూజియంలనో, నాటకాలల్లనో కనబడుడే. బెరడు బట్టతోని పాటు ఆవు తోలు, మేక తోలు, గొర్రె తోలు కట్టేటోళ్ళు, తోలును వెన్న రాసి మెత్తగ చేసుకునేటోళ్ళు. ఆ దేశంల ఆవు అంటే ఆస్తి, మర్యాద, కట్నం అన్నీ అదే కాబట్టి ఒంటి మీద కూడ అదే ఉండె.

జుట్టు సంగతి కూడ చెప్పాలె, అది బట్టతోని కలిసిందే. అమసుంజు అని ఒక తీరు, తల మీద జుట్టును వంకీలు వంకీలుగ, అర్ధచంద్రుని లెక్క గట్లు నిలబెట్టి కత్తిరిస్తరు. పెండ్లి కాని ఆడపిల్లలు పెట్టుకునేటోళ్ళు, చూస్తేనే ఈ పిల్ల పెండ్లికి ఉన్నదని తెలుస్తది, మొగోళ్ళు కూడ పెట్టేటోళ్ళు. పెండ్లయ్యి తల్లయినంక ఉరుగొరి కడతరు, నుదుటి చుట్టూ ఒక పట్టీ. అది దేనితోని చేస్తరో తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, జొన్న దంటుతోని. మా పాలమూరు నేల మీద పుట్టినోళ్ళకు జొన్న అంటే ఏందో చెప్పనక్కర లేదు, రొట్టె జొన్నదే, పశువులకు చొప్ప జొన్నదే. మనం తిన్నం, పశువులకు వేసినం, కానీ తల్లి నెత్తిన కట్టుకోవచ్చని మనకెవ్వరికీ తట్టలే. అక్కడ ఆగస్టు మొదటి శుక్రవారం ఉముగనుర అని పంట పండుగ చేస్తరు, కొత్త జొన్నలు, రాగులే దానికి ముఖ్యం, ఆ పండుగకు ఉరుగొరి కట్టిన పెద్దామెలు కనిపిస్తరు. ఎండిన దంటు పట్టీ, తెల్లగ ఉంటది, నల్లటి జుట్టు మీద మెరుస్తది. బంగారు పాపిడిబిళ్ళ చూసినా నాకు అంత గౌరవం కలగలే, నిజంగ చెప్తున్న.

నూలు బట్ట అక్కడికి చానా ఆలస్యంగ పోయింది, సముద్రం దిక్కునుంచి వ్యాపారులు మోసుకపోయిందే. మెరికాని అని తెల్లటి ముతక బట్ట, అమెరికాదని ఆ పేరు, తూర్పు ఆఫ్రికా అంతా అదే నడిచింది, దాని పక్కన కనికి అని నీలిమందు రంగు వేసిన ముదురు బట్ట, అది మన గుజరాత్ దిక్కు నుంచి పోయిందే. 1900 ల క్యాథలిక్ మిషనరీలు వచ్చి సవె అనే ఊర్ల మొదటి మిషన్ పెట్టిండ్రు, వాళ్ళతోని బడి బట్టలు, చర్చి బట్టలు వచ్చినయి. న్యాంజలో రాజుగారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అక్కడ రుదహిగ్వ రాజు కాలం, అంటే 1931 నుంచి 1959 దాంక, అప్పటి ఫోటోలు ఉన్నయి. రాజు భుజం మీదికెళ్ళి తెల్లటి బట్ట జారవిడిచి ఉంటది, పక్కన బెల్జియం అధికారి టోపీ, ప్యాంటు. ఆ ఫోటో ముందల నిలబడి చూస్తే తెలుస్తది, తోలు, బెరడు పోయి నూలు వచ్చింది గానీ భుజానికి ముడేసుడు పోలే.

ఇగ రోజువారీ సంగతికి వస్తే, కిగాలి ఎత్తు మీద ఉంటది, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్లు, పొద్దున సాయంత్రం చల్లగ ఉంటది కాబట్టి స్వెటర్, జాకెట్ లేనిదే బయటికి రారు. ఆఫీసులోళ్ళు ఇస్త్రీ ప్యాంటు షర్టు, మెరిసే బూట్లు, వాన పడి ఎర్రమట్టి అంటినా గడప దాటేముందు తుడుచుకొని పోతరు. పిల్లలు జీన్స్, టీషర్ట్, స్నీకర్స్, మన హైదరాబాద్ పిల్లలకూ వాళ్ళకూ తేడా లేదు. ఆదివారం చర్చికి మాత్రం రోడ్లన్నీ రంగులయితయి, కిటెంగె గౌన్లు, నెత్తికి అదే బట్ట చుట్టు, మధ్యలో అక్కడక్కడ ముషనానా.

కిటెంగె గురించి చెప్పకుంటే ముచ్చట పూర్తి కాదు, వాళ్ళ భాషల ఇగితెంగె. మైనం అద్దకం డిజైన్ల మందపాటి నూలు బట్ట, రెండు దిక్కులా రంగు సమానంగ ఉంటది. కిగాలిల కిమిరొంకో మార్కెట్ల అయితే గోడలకు గోడలే అవి వేలాడుతుంటయి, ఆరు గజాల తాను లెక్క అమ్ముతరు, కొనంగనే అదే మార్కెట్ల వరుసగ మిషిన్లు పెట్టుకొని కూర్చున్న దర్జీల కాడికి పోవుడే. ఆడ దర్జీలు, మొగ దర్జీలు, కాలితో తొక్కే మిషిన్లు, ముందల గోడకు డిజైన్ల పోస్టర్, వేలు పెట్టి చూపిస్తే టేపు తీసి కొలతలు తీసుకుంటరు. నా గౌను కుట్టిన ఆమె బట్టను కత్తిరించేముందు నేల మీద పరిచి చానాసేపు చూసింది, కత్తెర పెట్టలే. ఎందుకంటే ఆ డిజైన్ల పెద్ద పెద్ద పువ్వులు, అది సరిగ్గ ఎద మధ్యలకో వెనక నడుముకో రావాలె, సగం తెగొద్దు. ఒక్క ముక్క కూడ వృధా చేయలే, మిగిలినదాంతోని నెత్తికి కట్టుకునే పట్టీ, మా బిడ్డకు ఒక సంచి. ఇక్కడ నల్గొండ దిక్కు పుట్టపాకల తేలియా రుమాలు నేసేటోళ్ళు డిజైన్ గళ్ళు కలుస్తున్నయా లేదా అని పోగు పోగు చూసినట్టే ఆమె చూపు ఉండె.

ఈ కిటెంగె పుట్టుక ఆఫ్రికాల కాదు, ఈ సంగతి తెలిసినప్పుడు మా వదినె నమ్మలే. ఇండోనేషియాల జావా వాళ్ళ బాటిక్ చూసి డచ్చోళ్ళు మిషిన్ల మీద దాని నకలు తీసిండ్రు, జావాల అది పెద్దగ పోలే, పడవలల్ల ఆఫ్రికాకు పోయింది, అక్కడ జనం ఎగబడి కొన్నరు. హాలండ్ ల హెల్మొండ్ ఊర్ల 1846 ల మొదలైన విలిస్కో కంపెనీ ఇప్పటికీ ఖరీదైన కిటెంగె చేస్తది, మార్కెట్ల నిండిపోయేది మాత్రం చైనా మాలు. అంటే జావాది డచ్చోళ్ళు నకలు కొట్టిండ్రు, డచ్చోళ్ళది చైనావోళ్ళు కొట్టిండ్రు. మన పోచంపల్లి ఇక్కత్ కు జియోగ్రాఫికల్ ఇండికేషన్, అంటే ఇది ఆ ఊరిదే అనే సర్కారు గుర్తింపు ఉన్నా మిషిన్ల మీద అచ్చు ప్రింటు కొట్టి అగ్గువకు అమ్ముతున్నరు, ఆ బాధ మాకు తెలుసు కాబట్టి ఈ కథ విన్నంక కోపమే వచ్చింది ముందు. కానీ అక్కడి ఆడోళ్ళు దాన్ని వాడుకునే తీరు చూస్తే కోపం నిలవదు. అదే బట్ట నడుముకు చుట్టుకుంటరు, అదే నెత్తికి, అదే మూట, అదే పిల్లల్ని మోసే బట్ట.

పిల్లల్ని మోసుడు చూడాలె. పాతకాలంల గొర్రె తోలుతోని ఇంగొబ్యి అని ఉండేదంట, ఇప్పుడు కిటెంగె, లోపల ఒక టవల్. తల్లి నడుము వంచి ముందుకు ఒంగుతది, పిల్లను వీపు మీద వేసుకుంటది, రెండు కాళ్ళు తన నడుముకు రెండు దిక్కులా, బట్టను పిల్ల చంకల కిందనుంచి తెచ్చి తన ఎద మీద మడిచి దోపుతది, ఇంకో కొస పిల్ల పిర్రల కిందనుంచి తెచ్చి నడుము కాడ ముడేస్తది, లేచి నిలబడుతది, అంతే. రెండు చేతులు ఖాళీ. మార్కెట్ల కూరగాయలు అమ్ముతది, గుట్ట ఎక్కుతది, పిల్ల నిద్రపోతది. మా పక్కింటామె మా బిడ్డను అట్ల కట్టుకుంటే ఏడ్చే పిల్ల గమ్మున ఊరుకున్నది, నేను నేర్చుకున్న తర్వాత ఇంట్ల పనంతా అట్లనే చేసుకున్న. ఇక్కడికి వచ్చినంక అత్తమ్మ చూసి ముందు భయపడ్డది, తర్వాత పాత నూలు చీరె ఇచ్చి "దీంతోని కట్టు, మెత్తగ ఉంటది" అన్నది.

ఇప్పుడు అసలు పెద్ద ముచ్చట, పాత బట్టలు. అక్కడ చాగువ అంటరు, అమెరికా, యూరప్ ల జనం వాడి పడేసినవి, దానమిచ్చినవి పెద్ద పెద్ద బేళ్ళు కట్టి ఆఫ్రికాకు పంపుతరు. జీన్స్, కోట్లు, చిన్నపిల్లల బట్టలు, బ్రాండ్ షర్టులు, అన్నీ. పేదోళ్ళే కాదు ఉద్యోగాలు చేసేటోళ్ళు కూడ అవే కొనేటోళ్ళు, బట్ట గట్టిగ ఉంటది, అగ్గువ. దీనివల్ల అక్కడ బట్టల మిల్లు, దర్జీ ఎవరూ నిలబడలేని పరిస్థితి. 2016 ల తూర్పు ఆఫ్రికా దేశాలన్నీ కలిసి మెల్లమెల్లగ పాత బట్టలు బంద్ చేద్దామని అనుకున్నయి, రువాండా అదే ఏడు కిలోకు 20 సెంట్లు ఉన్న సుంకాన్ని రెండున్నర డాలర్లు చేసింది, అంటే పన్నెండింతల పైన. అమెరికాల పాత బట్టల వ్యాపారులు వాళ్ళ సర్కారుకు ఫిర్యాదు చేసిండ్రు, అమెరికా బెదిరించింది, కెన్యా, టాంజానియా, ఉగాండా వెనక్కి తగ్గినయి. రువాండా తగ్గలే. 2018 జులై ఆఖరు నుంచి రువాండా బట్టలకు అమెరికాల సుంకం లేకుండ అమ్ముకునే వసతి తీసేసిండ్రు. కోటిన్నర లోపే జనం ఉన్న చిన్న దేశం, అమెరికా ముందల "మీ విడిచిన బట్టలు మాకొద్దు" అని నిలబడ్డది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

కానీ దానికి ఇంకో మొఖం ఉన్నది, అది దాచి రాయను. చాగువ అమ్ముకొని బతికే ఆడోళ్ళు ఎంతోమంది, వాళ్ళ దుకాణాలు దెబ్బతిన్నయి, పేదోళ్ళకు బట్ట ఖర్చు పెరిగింది, పక్కదేశాల నుంచి దొంగతనంగ మూటలు రావట్టినయి, ఖాళీ అయిన జాగల స్థానిక బట్ట కన్న ముందు చైనా కొత్త బట్ట వచ్చి కూర్చున్నది. మా ఇంట్ల పనికి వచ్చే ఆమె ఒకనాడు "నా పిల్లలకు ఇప్పుడు రెండు జతలు కొనే పైసలకు ఒక్క జతే వస్తున్నది" అన్నది, ఆమెకు దేశ గౌరవం గురించి ఏం చెప్తం. నా అభిప్రాయం అడిగితే సర్కారు చేసింది మంచిదే, కానీ ఆ సుంకం పైసలతోని ముందు స్కూల్ పిల్లలకు, ఊర్ల పేదోళ్ళకు అగ్గువల బట్ట దొరికేటట్టు చేసి ఉంటే ఇంకా మంచిగుండు.

మన దిక్కు ఇది వేరే రూపంల ఉన్నది. నల్గొండల, పాలమూరుల గల్లీలల్ల నెత్తిన గంప పెట్టుకొని "పాత బట్టలకు స్టీలు గిన్నెలు" అని అరుచుకుంటు వస్తరు కదా, నాలుగు ప్యాంట్లు, రెండు చీరెలు ఇస్తే ఒక టిఫిన్ డబ్బా ఇస్తరు. అవి ఎటు పోతయో మనం ఎన్నడూ అడగం. మన దేశంల గుజరాత్ ల కాండ్లా కాడ విదేశాల నుంచి వచ్చిన పాత బట్టలు ఏరి, మళ్ళ ఆఫ్రికాకు పంపే యూనిట్లు ఉన్నయి, పానిపట్ ల పాత ఉన్ని బట్టలు చింపి దుప్పట్లు చేస్తరు. కిమిరొంకోల ఒక బేలు విప్పంగ దాని మీద మన దేశం ముద్ర చూసిన రోజు నాకు మాట రాలే.

సుంకం పెంచినంక మేడ్ ఇన్ రువాండా అని సర్కారు గట్టిగ మొదలుపెట్టింది. యుటెక్స్‌ర్వా అని 1984 నుంచి ఉన్న మిల్లు ఉన్నది కిగాలిల, పోలీసుల బట్టలు, యూనిఫారాలు అట్లాంటివి చేస్తది. కొత్త డిజైనర్లు కూడ వచ్చిండ్రు. హౌస్ ఆఫ్ తాయో 2011 ల మాథ్యూ రుగాంబ పెట్టింది, కిటెంగె బో టైలతోని మొదలైంది. మోషన్స్ అనే ఇంకో డిజైనర్ కంపెనీ వాళ్ళ షర్టులు ప్రెసిడెంట్ కగామె తొడుక్కున్నంక అందరి నోట్ల పడ్డయి, వాటి మీద పూసల పని, ఇమిగొంగొ గీతలు. ఇమిగొంగొ అంటే ఆవు పేడతోని గోడ మీద ఉబ్బెత్తుగ కోణాలు కోణాలుగ వేసే పని, తూర్పు దిక్కు కిరెహె జిల్లా వాళ్ళది, నలుపు తెలుపు ఎరుపు. మనింట్ల పేడతోని అలుకుతం, ముగ్గు వేస్తం, వాళ్ళు పేడతోనే ముగ్గు వేసిండ్రు, ఆ ముగ్గు ఇప్పుడు కోటు మీదికి ఎక్కింది. ఒక్కటే బాధ, ఈ డిజైనర్ బట్టల ధర మామూలు మనిషికి అందదు. నేను దుకాణంల ఒక షర్టు ధర చూసి పక్కన పెట్టి వచ్చిన.

ఇంతోరె డాన్సర్లను కూడ చెప్పాలె, నెత్తికి సింహం జూలు లెక్క పొడుగు నార కిరీటం, ఎద మీద అడ్డంగ పూసల పట్టీలు, కాళ్ళకు గంటలు, చేతిల ఈటె. ఈ డాన్సు 2024 డిసెంబర్ ల యునెస్కో జాబితాలకు ఎక్కింది. ఏప్రిల్ 7 నుంచి మాత్రం ఆ రంగులన్నీ పక్కకు పోతయి, 1994 ల చనిపోయినోళ్ళను తలుచుకునే రోజులవి, ఒకప్పుడు ఊదా రంగు పట్టీలు, ఇప్పుడు బూడిద రంగు. ఆ వారం పక్కింటామె కిటెంగె కట్టలే, నేనూ రంగు చీరె తీయలే.

ఇక్కడికి వచ్చినంక అన్నిటికన్న ఎక్కువ ఆలోచించింది మన బట్ట గురించే. గద్వాల చూడుండ్రి, ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు అక్కడి నుంచే పోవాలె, నేసేటోళ్ళు దీక్ష పట్టి నేస్తరు. సంస్థానం పోయింది, రాజులు పోయిండ్రు, ఆ మగ్గం ఆగలే, ఎందుకంటే స్వామి కార్యం ఆగదు కాబట్టి. నారాయణపేట చీరెకు అసొంటి కార్యం ఏదీ లేదు. మా నాయనమ్మ కాలంల పెండ్లిల పెట్టుపోతలకు నారాయణపేట చీరె ఉండేదే, ఇప్పుడు లగ్గాలకు కంచి పట్టు, రిసెప్షన్ కు గౌను, సంగీత్ అని కొత్తగ వచ్చినదానికి లెహంగా, బతుకమ్మకు పాలిస్టర్. సర్కారు 2017 నుంచి బతుకమ్మ చీరెలు పంచింది, సిరిసిల్ల మరమగ్గాల వాళ్ళకు పని దొరికింది, అది మంచిదే, కానీ పాలమూరు చేతి మగ్గానికి దాంతోని ఏం రాలే. మా వదినె నేసిన చీరె హైదరాబాద్ ల ఎగ్జిబిషన్లల్ల కొంటున్నరు, ఊర్ల పక్కింటోళ్ళు కొనరు. రువాండాల ఎంత పేదింటి పిల్లయినా అద్దెకు తెచ్చుకొని అయినా ముషనానా కట్టుకుంటది, అది లేకుండ గుసాబ చేస్తే నలుగురు ఏమంటరో అని. మన దగ్గర కూడ పిల్లను చూడ పోయేటప్పుడో, ఒడి బియ్యం పోసేటప్పుడో ఊరి మగ్గం చీరెనే కట్టాలె అని నాలుగు ఇండ్లు పట్టుబడితే చాలు, మగ్గం గుంటల దుమ్ము పడదు. మా ఇంట్ల మొదలుపెట్టినం, మా చిన్నాయన బిడ్డకు మొన్న ఒడి బియ్యం పోసిన రోజు వచ్చిన ముత్తైదువలందరికీ పెట్టిన చీరెలు ఈ ఊరివే.

ఇప్పుడు నాకొక సాయం కావాలె. మా పక్కింటామె వాట్సాప్ ల మెసేజ్ పెట్టింది, ఆమె పెద్దబిడ్డకు గుసాబ ఖాయమైంది, భుజం మీద ముడేసే ఉమ్విటెరొ నారాయణపేట పట్టుతోని కావాలంటది, ఆ మెరూన్ చెక్స్ తోనే. వదినె నేస్తనన్నది గానీ చిక్కు ఒకటున్నది, మన గుడి అంచు బరువు, ముడేస్తే భుజం కాడ గడ్డలెక్క నిలబడతది, అంచు పూర్తిగ తీసేస్తే నారాయణపేట అని ఎవరికీ తెల్వదు. అంచును ఒక కొసకే పెట్టి ముడి పడే దిక్కు సాదా పట్టు ఉంచాలె అని వదినె అంటది, సగం వెడల్పు అంచు వేసి చూద్దామని నేనంటున్న. దుపట్టాలు, శెల్లాలు నేసిన అనుభవం ఉన్నోళ్ళు, పోచంపల్లి, పుట్టపాక, గద్వాల ఎక్కడోళ్ళైనా సరే, ముడి సన్నగ పడాలంటే పడుగుల పోగు ఎంత తగ్గించాలె, ఏ నంబర్ పట్టు వాడాలె చెప్పుండ్రి. వదినె వచ్చే వారం పడుగు ఎక్కిస్తది.